గ్లూకోజు సీసా కంటే ముందు

అధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, వెనుక వరుసల్లో కూర్చున్న నర్సింగ్ విద్యార్థినులకు నమస్కారం. పోషకాహారం గురించి మాట్లాడమన్నారు. నేను అందులో థయమిన్ ఒక్కదాని గురించే, అంటే బి1 విటమిన్ గురించే మాట్లాడతాను.

మూడో నెల గర్భిణి ఒకామెకు వారాల తరబడి వాంతులు ఆగలేదు. నీరసమని ఒక ఆసుపత్రిలో వరుసగా గ్లూకోజు సీసాలు ఎక్కించారు. ఆ తర్వాత గుక్కెడు నీళ్లు తాగినా పొలమారడం, నీళ్లు ముక్కులోంచి రావడం మొదలైతే, గొంతులో అడ్డేదో ఉందని ఎండోస్కోపీ చేయించారు. అన్నవాహికలో ఏ లోపమూ కనిపించలేదు. మా వార్డుకు వచ్చేసరికి, పక్కకు చూడమంటే ఆమె కనుగుడ్లు అదురుతున్నాయి, నిలబెడితే తూలుతోంది, పక్కనే ఉన్న అత్తగారు ఎప్పుడొచ్చారో చెప్పలేకపోతోంది. థయమిన్ నరానికి ఎక్కించాక ముందు కళ్ల అదురు తగ్గింది, మింగడం నెమ్మదిగా తిరిగి వచ్చింది.

ఇది వెర్నికె వ్యాధి, అంటే థయమిన్ లోపంతో మెదడు దెబ్బతినడం. ఇందులో మింగలేకపోవడం అరుదే కానీ, మింగడాన్ని నడిపే కేంద్రాలు మెదడు కాండం అడుగున మెడుల్లాలో ఉన్నాయి కనుక, దెబ్బ అక్కడ తగిలితే గొంతు బాగున్నా ముద్ద దిగదు. తాగుబోతుల జబ్బని దీనికి ముద్ర పడిపోయింది, నా ఫిర్యాదల్లా అదే. 1881లో జర్మన్ వైద్యుడు కార్ల్ వెర్నికె వర్ణించిన ముగ్గురు రోగుల్లో ఇద్దరు తాగుడు అలవాటున్న మగవాళ్లయితే, మూడో రోగి సల్ఫ్యూరిక్ ఆమ్లం మింగి, ఆగని వాంతులతో చిక్కిపోయిన యువతి; ఆమెను మనం మరచిపోయాం.

శరీరంలో థయమిన్ నిల్వ సుమారు 30 మిల్లీగ్రాములే, తిండి ఆగితే రెండు మూడు వారాలకు మించి రాదు. గ్లూకోజును శక్తిగా మార్చడానికి థయమిన్ కావాలి కనుక, మిగిలిన కాస్తా సీసాలతోనే ఖర్చయిపోతుంది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యంలో అది తవుడుతోనే పోతుంది, గంజి వార్చేస్తే మరికొంత పోతుంది. అన్నట్టు, 1936లో థయమిన్‌ను కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ పుట్టింది మన నెల్లూరులోనే.

అమ్మాయిలూ, సీసా తగిలించే చేయి మీది. చక్కెర పడిపోయిన రోగికి గ్లూకోజు ఆపమనడం లేదు, దానితోపాటే థయమిన్ కూడా పడాలంటున్నాను. వాంతులెన్నాళ్ల నుంచని అడగండి, కళ్లు చూడండి, అనుమానం ఉంటే డాక్టరుగారిని నిలబెట్టి అడగండి. పొలమారే రోగికి మాత్ర నోట్లో వేయకండి. మింగగలడో లేదో పరీక్షించేదాకా మందు నరానికే, ఆహారం ముక్కు గొట్టం ద్వారానే.