పాత వెండి పూత పాత్రలు: మెరుపు చూసి కొనకండి, తిరగేసి చూడండి

నమస్కారం అండి. ఈ రోజు నా ముందు మూడు పాత్రలు ఉన్నాయి. మూత ఉన్న ఒక పెద్ద సర్వింగ్ డిష్, ఒక సాస్ బోట్ (సాస్ వంచడానికి మూతి ఉండే పాత్ర), ఒక చిన్న ఉప్పు గిన్నె. మూడూ వెండి పూతవే, మూడూ పాతవే.

డిష్‌తో మొదలుపెడతాను, నాకు బాగా నచ్చింది ఇదే. మూత మీద పిడి చూడండి. ఇలా కొంచెం తిప్పితే... ఇదిగో, ఊడి చేతిలోకి వచ్చేసింది. ఇప్పుడు మూతను బోర్లా తిప్పి పెడితే అది ఇంకో డిష్! ఎంత ఆలోచించి చేశారో కదా. ఇలాంటిది కొనేటప్పుడు పిడిని తీసి, మళ్లీ బిగించి చూడండి. వదులుగా ఊగుతుంటే ఆ పిడి వేరే మూతదై ఉండొచ్చు. మూత మీద, డిష్ మీద ఒకే నంబరు కొట్టి ఉంటే అవి మొదటి నుంచీ జంటే అని నమ్మొచ్చు.

ఇప్పుడు అడుగు భాగం చూద్దాం. నాలుగు బుల్లి గడుల్లో నాలుగు అక్షరాలు ఉన్నాయి. దూరం నుంచి అచ్చం అసలు వెండి మీద ఉండే హాల్‌మార్క్‌లా కనిపిస్తాయి. భూతద్దం పెట్టి చదివితే ఈ-పి-ఎన్-ఎస్. అంటే నికెల్ సిల్వర్ మీద కరెంటు సాయంతో వేసిన వెండి పూత. నికెల్ సిల్వర్‌నే జర్మన్ సిల్వర్ అని కూడా అంటారు. రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం ఇది. పేరులో తప్ప వెండి ఎక్కడా లేదు. కరెంటు పూతకు ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్టన్ సంస్థ 1840లో పేటెంట్ తీసుకుంది. కాబట్టి ఈ అక్షరాలున్న పాత్రను ఎవరైనా 1800 నాటిది అంటే నమ్మకండి.

సాస్ బోట్ విషయంలో నాకు జరిగింది అదే. "ఇది పాత షెఫీల్డ్ ప్లేట్" అని చెప్పి అమ్మారు. ఇంగ్లండ్‌లోనే షెఫీల్డ్ అనే ఊళ్లో థామస్ బౌల్సోవర్ 1740ల్లో కనిపెట్టిన పద్ధతి పూర్తిగా వేరు. రాగి దిమ్మె మీద వెండి రేకు వేసి, వేడితో రెండూ అతుక్కునేలా చేసి, కలిపి పలచగా సాగదీసేవారు. పాత్ర ఆ రేకుతో తయారయ్యేది. అంటే పూత ముందు, పాత్ర తర్వాత. అందుకే జాగ్రత్తగా వెతికితే ఎక్కడో అతుకు గీత దొరుకుతుంది. అంచుల్లో రాగి బయటపడకుండా వెండి తీగ చుట్టేవారు. నా సాస్ బోట్‌లో అతుకూ లేదు, తీగా లేదు. పిడి దగ్గర అరిగిన చోట ఎర్రటి రాగి బదులు పసుపు కలిసిన బూడిద రంగు లోహం కనిపిస్తోంది. ఆ మాట విని కొన్నందుకు బాధేసింది. కానీ లోపలి పూత చెక్కుచెదరలేదు, వాడుకోవడానికి మంచి వస్తువే.

శుభ్రం చేయడం గురించి గట్టిగా చెప్పాలి. నలుపు అంటే మురికి కాదు, వెండి గంధకంతో కలిసి ఏర్పడిన పొర. గుడ్డు, ఉల్లి, రబ్బరు దాన్ని త్వరగా తెస్తాయి. పాలిష్ చేసిన ప్రతిసారీ ఆ నలుపుతో పాటు కాస్త వెండి కూడా పోతుంది, పూత ఎంతో పలచన. గోరువెచ్చని నీళ్లు, మెత్తటి గుడ్డ, వెంటనే తడి తుడవడం, అంతే. డిష్‌వాషర్ అసలు వద్దు. చెక్కడపు గీతల్లో నలుపును అలాగే వదిలేయండి, పువ్వుల డిజైన్‌కు లోతు దానివల్లే వస్తుంది.

ఉప్పు గిన్నె మాత్రం వద్దండి. దీని లోపల ఉండాల్సిన గాజు గిన్నె పోయింది, ఉప్పు నేరుగా వెండిని తినేసింది. ఈ గుంటలు చూడండి, పాలిష్‌తో పోయేవి కావు.