కోట చాలు, కొండ కిందికి రండి

(జర్మనీలోని మ్యూనిక్‌లో తెలుగువారి ఉగాది కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. వేదిక మీది పెద్దలకు, పొద్దున ఆరింటి నుంచి వంటగదిలో ఉన్నవారికి నమస్కారం. ఈసారి పచ్చడిలో నిజంగానే వేపపువ్వు పడింది. పోయిన ఏడాది కాకరకాయ తురిమి వేశారు, నేను మరచిపోలేదు.

నాకిచ్చిన అంశం ‘సైకిల్ తొక్కడం వల్ల ఆరోగ్య ప్రయోజనాలు’. ఇచ్చిన సమయం పదిహేను నిమిషాలు. ఆరోగ్యం సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను: మంచిదే, మోకాళ్ళ నొప్పి ఉన్నవారు డాక్టరును అడిగి తొక్కండి. మిగిలిన పద్నాలుగు నిమిషాలూ నాకు కావలసింది మాట్లాడతాను. కార్యదర్శి గారూ, నన్నలా చూడకండి.

ముందు ఒక ప్రశ్న. నొయ్‌ష్వాన్‌స్టైన్ కోటను అయిదు సార్లకు మించి చూసినవారు చేతులెత్తండి. చూశారా, సగం హాలు! నేను పదకొండు సార్లు వెళ్ళాను. అమ్మానాన్నలు వస్తే కోట, అత్తమామలు వస్తే కోట, మా ఆయన స్నేహితుడి బావమరిది వస్తే కోట. దాన్ని కట్టించిన రెండో లుడ్విగ్ రాజే అందులో మొత్తం మీద ఆరు నెలలు కూడా ఉండలేదు. మనం మాత్రం ఏటేటా హాజరు వేయించుకుంటున్నాం.

నాకు కోట మీద కోపం లేదు. ఇక్కడ కారెక్కి అక్కడ దిగడం మీదే కోపం. మధ్యలో వంద కిలోమీటర్లకు పైగా నేల ఉంది. వెనక సీట్లో పిల్లలు ఫోను చూస్తుంటారు, పక్క సీట్లో అత్తగారు కునుకు తీస్తుంటారు. ఆ నేల మన లెక్కలోకి రాదు.

ఆ నేల గురించే చెప్తాను. మ్యూనిక్ నుంచి దక్షిణంగా వెళ్తుంటే మొదట అంతా బల్లపరుపు. వోల్ఫ్రాట్స్‌హౌజెన్ చేరేసరికి గుట్టలు మొదలవుతాయి. మంచు యుగంలో ఆల్ప్స్ నుంచి దిగివచ్చిన హిమానీనదాలు మోసుకొచ్చి కుప్పపోసిన మట్టి, గులకరాళ్ళే ఈ గుట్టలు. ఆ హిమానీనదాలు తవ్వి వదిలిన గుంటలే మనం పిల్లల్ని ఈతకు తీసుకెళ్ళే చెరువులు, సరస్సులు. కారులో ఈ గుట్టలు తెలియవు. సైకిల్ మీద ప్రతి ఒక్కటీ తెలుస్తుంది, తొడలకు తెలుస్తుంది. నలభై మీటర్లు ఎక్కు, దిగు, మళ్ళీ ఎక్కు. పైకి రాగానే ఉల్లిపాయ ఆకారపు గోపురం ఉన్న చర్చి, దాని వెనక వరసగా కొండలు. కొన్ని రోజుల్లో ఆ కొండలు చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కనిపిస్తాయి. అది ఫ్యోన్ గాలి మహిమ. ఫోను కాదండీ, ఫ్యోన్. కొండలు దాటి దిగే వెచ్చని పొడి గాలి. ఆ రోజు మా ఆఫీసులో అందరికీ తలనొప్పి, పని మాత్రం ఎవరికీ సాగదు.

ఇప్పుడు అసలు కథ. 2014 జులైలో ఒక ఆదివారం. ఒంటరిగా బయల్దేరాను. సన్న టైర్ల సైకిల్, రెండు నీళ్ళ సీసాలు, జేబులో యాభై యూరోల నోటు. ఫోనులో దారి చూపించే యాప్ ‘సైకిల్ దారి’ అంటూ నన్ను అడవిలో కంకర బాట ఎక్కించింది. పంక్చర్ వేసుకుని, చేతులు నల్లగా చేసుకుని బయటపడేసరికి పన్నెండు దాటింది. కోనిగ్స్‌డోర్ఫ్ దాటాక నీళ్ళు అయిపోయాయి. ఆదివారం మన బవేరియా రాష్ట్రంలో దుకాణం తెరిచి ఉండదని మీకు వేరే చెప్పాలా? ఒక పొలం ముందు పాలు అమ్మే యంత్రం కనబడింది, ప్రాణం లేచివచ్చింది. అది చిల్లర నాణేలు మాత్రమే తీసుకుంటుంది. నా దగ్గర యాభై నోటు. గాజు తలుపు వెనక పాలు, బయట నేను.

కళ్ళు తిరుగుతున్నాయి. పక్క ఊరి చర్చి దగ్గర సైకిల్ దిగి గోడకు చేరగిలబడితే లోపల నుంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. వెళ్ళి చూశాను. శ్మశానం. సమాధుల మీద పూల మొక్కలు, ఎర్ర గాజు దీపాలు, మధ్యలో రాతి తొట్టి, తొట్టిలోకి సన్నని ధార. పక్కన ఇనుప కడ్డీకి ఆకుపచ్చ నీళ్ళ డబ్బాలు గొలుసులతో కట్టి ఉన్నాయి. సూపర్ మార్కెట్ బండిలాగా, వాటికీ నాణెం వేస్తేనే గొలుసు ఊడుతుంది. ఇక్కడా చిల్లరే!

సీసా పట్టుకుని నిలబడిపోయాను. దాహం ఒకవైపు లాగుతోంది, తెనాలిలో పెరిగిన బుద్ధి ఇంకోవైపు లాగుతోంది. మీరైతే తాగుతారా? నిజం చెప్పండి. ఆ వెనక వరసలో అమ్మగారు తల అడ్డంగా ఊపుతున్నారు, నాకు కనిపిస్తోంది.

అప్పుడొక ముసలావిడ వచ్చింది, ఎనభై దాటి ఉంటాయి. డబ్బా నింపుకుంటూ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, “మీవాళ్ళెవరు ఇక్కడ?” అని అడిగింది. ఎవరూ లేరండీ, నీళ్ళ కోసం వచ్చాను అన్నాను. ఆవిడ నవ్వలేదు. “కొండ నీళ్ళు. మేమూ తాగుతాం. కాస్త వదిలెయ్యి, చల్లగా వస్తాయి” అని నా సీసా తీసుకుని, మొదటిసారి నింపి పారబోసి, రెండోసారి నింపి ఇచ్చింది. తాగాను. రెండు సీసాలు అక్కడే నిలబడి తాగాను.

సాయంత్రం అమ్మకు ఫోను చేసి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. చాలాసేపు మాట లేదు. తరవాత ఒక్కటే ప్రశ్న: “తలస్నానం చేశావా?” అమ్మా, పొద్దుటి నుంచి చెమటతో అదే చేస్తున్నాను అన్నాను. ఫోను నాన్నకు ఇచ్చేసింది.

2016లో అమ్మ ఇక్కడికి వచ్చింది. కోట చూపించాం, అది తప్పదు కదా. తిరిగి వస్తుంటే, “ఆ నీళ్ళు తాగిన చోటు చూపించు” అంది. తీసుకెళ్ళాం. సమాధుల మధ్య మెల్లగా నడిచి, మొక్కలన్నీ చూసి, మందారం ఉందేమోనని వెతికింది. లేదు. బయటికి వచ్చే ముందు తనే నాణెం వేసి డబ్బా విడిపించి, కాళ్ళు కడుక్కుంది. కట్టు తప్పలేదు. తరవాత దోసిలి పట్టి ధార కింద పెట్టింది. తాగిందో, ముఖం కడుక్కుందో నేను చూడలేదు, అటు తిరిగి నిలబడ్డాను.

ఏం చెప్తున్నాను? ఆఁ, దారి. శ్మశానాల్లో కుళాయి ఉంటుందని ఇక్కడ సైకిల్ తొక్కేవాళ్ళందరికీ తెలుసు. ‘తాగునీరు కాదు’ అని బోర్డు ఉంటే మాత్రం తాగకండి, అది చదివేంత జర్మన్ అందరికీ వచ్చు.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఈ ఏడాది విహారయాత్రకు బస్సు మానేద్దాం. మే నెలలో ఒక ఆదివారం రైల్లో సైకిళ్ళు వేసుకుని టుట్సింగ్ మీదుగా కోఖెల్ వెళ్దాం. అక్కడి నుంచి లెంగ్రీస్ దాకా నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. మొదట్లోనే కెసెల్‌బెర్గ్ కనుమ ఉంది. దాదాపు 600 మీటర్ల ఎత్తు నుంచి 858 మీటర్లకు ఎక్కాలి. భయపడకండి, తిరుమల ఘాట్ రోడ్డు చూసినవారికి ఆ మలుపులు కొత్త కావు. అక్కడ మొదటి బండి దారి 1492లో వేశారు. కొలంబస్ ఓడెక్కిన ఏడాదే హైన్రిఖ్ బార్ట్ అనే మ్యూనిక్ పెద్దమనిషి ఈ కొండకు దారి వేయించాడు. ఇప్పుడు మనం ఎక్కే రోడ్డు 1890ల నాటిది. శని, ఆదివారాల్లో పైకి వెళ్ళే వైపు మోటారు సైకిళ్ళకు అనుమతి లేదు. నేను ఆదివారమే అంటున్నది అందుకే. మన రొప్పు మనకే వినబడుతుంది.

పైన వాల్ఖెన్‌జే సరస్సు. దాని నీళ్ళు కింది కోఖెల్ సరస్సులోకి 200 మీటర్లు దూకి కరెంటు ఇస్తాయి. 1924 నుంచి పనిచేస్తున్న ఆ విద్యుత్ కేంద్రం వెనక ఉన్నది ఆస్కార్ ఫాన్ మిల్లర్. మ్యూనిక్‌లో మనం చుట్టాలందరినీ తిప్పే డాయిచెస్ మ్యూజియం స్థాపకుడూ ఆయనే. మన ఊరి ఇసార్ నది నీటినీ పైన మళ్ళించి ఈ సరస్సులోకి పంపారు. వేసవిలో ఇసార్ చిక్కిపోయిందని బాధపడేవారు అక్కడికి వచ్చి అడగవచ్చు.

సరస్సు దక్షిణపు ఒడ్డున వెళ్ళే రోడ్డుకు కార్లయితే సుంకం కట్టాలి, మనకు అక్కర్లేదు. తరవాత యాఖెనావ్ లోయ. ఇక కష్టం లేదు, ఏరు పక్కన మెల్లగా దిగడమే. రెండు వైపులా గడ్డి, ఆవులు, మెడగంటలు. ఆవు మీవైపు చూస్తే మీరూ చూడండి, తొందరేముంది. లెంగ్రీస్‌లో మళ్ళీ రైలు.

గంట కొట్టేస్తున్నారు. ఒక్క నిమిషం. సైకిల్ రాదనేవారికి: నేను తెనాలిలో గంటకు అద్దె కట్టి, మగవాళ్ళ సైకిల్ కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేర్చుకున్నాను. మీకు గేర్లున్నాయి, సిగ్గు పడకండి. రైల్లో సైకిళ్ళకు చోటు తక్కువ, కాబట్టి మొదటి పదిమందే. వడపప్పు బల్ల దగ్గర కాగితం పెట్టాను, పేర్లు రాయండి. పులిహోర నేను తెస్తాను. చిల్లర మీరు తెచ్చుకోండి, ఖాళీ సీసా కూడా. నీళ్ళు ఎక్కడ పట్టుకోవాలో చూపిస్తాను. కాళ్ళు కడుక్కోవడం మాత్రం మీ ఇష్టం.