హరికేన్ డ్యూటీకి సంచీ ఎలా సర్దుతాం? | మలక్‌పేట నుంచి వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? నేను మలక్‌పేటలో అమ్మ వాళ్లింట్లో ఉన్నాను. నేను పనిచేసే హ్యూస్టన్‌లో (అమెరికా) జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్. "తుఫాను డ్యూటీ అంటే ఏంటే?" అని పిన్ని ఎప్పటి నుంచో అడుగుతోంది. పిన్నీ, ఈ వీడియో నీకే.

తుఫాను వస్తోందనగానే మా ఆస్పత్రి ఎమర్జెన్సీ స్టాఫ్‌ను రెండుగా విడదీస్తారు. రైడ్ అవుట్ టీమ్ వాళ్లు గాలివాన మొదలవకముందే సంచీతో లోపలికి వెళ్లిపోవాలి. అది దాటేదాకా తిండీ నిద్రా అక్కడే. రోడ్లు తేరుకున్నాక రిలీఫ్ టీమ్ వస్తుంది. చిన్నపిల్లలున్నవాళ్లు రిలీఫ్‌కు పేరిస్తారు. నేను రైడ్ అవుట్‌కే ఇస్తాను, ఇంట్లో ఎదురుచూసేవాళ్లు ఎవరున్నారు గనక? సరే, సంచీ సంగతి.

స్లీపింగ్ బ్యాగ్, పవర్ బ్యాంక్, టార్చ్, మార్చుకోవడానికి స్క్రబ్స్, అంటే డ్యూటీలో వేసుకునే బట్టలు. స్లీపింగ్ బ్యాగే 60 డాలర్లు, అంటే 5 వేల పైమాటే. "ఆ డబ్బుతో బొంతలు కుట్టించి ఇచ్చేదాన్ని కదే" అంటోంది అమ్మ. కందిపొడి, ఆవకాయ మాత్రం ఇక్కడివే. సీసా మూత తీస్తే బ్రేక్ రూమ్‌లో అందరూ తలలు తిప్పుతారు. మర్నాటికి వాళ్లే చెంచా పట్టుకుని వస్తారు!

ఇంత హడావుడి ఎందుకంటే, 2001 జూన్‌లో ఆలిసన్ తుఫానుకు హ్యూస్టన్‌లోని టెక్సాస్ మెడికల్ సెంటర్ బేస్‌మెంట్లు మునిగిపోయాయి. కరెంటు పోయి మెమోరియల్ హెర్మన్ ఆస్పత్రి నుంచి దాదాపు 540 మంది పేషెంట్లను తరలించాల్సి వచ్చింది. ఆ తర్వాతే పెద్ద పెద్ద ఫ్లడ్ గేట్లు పెట్టారు.

మధ్యాహ్నం నా ఫ్రెండ్ వచ్చింది. ఇక్కడ ఒక ఆస్పత్రి క్యాజువాలిటీలో స్టాఫ్ నర్స్. ఒకేసారి చాలామంది గాయపడి వస్తే ఎవరిని ముందు చూడాలో చెప్పే రంగు ట్యాగులు డ్రిల్‌లో మేం ఎలా కడతామో చూపించాను. నడవగలిగితే గ్రీన్. నడవలేనివాళ్లలో నిమిషానికి 30 కంటే ఎక్కువసార్లు ఊపిరి తీస్తే రెడ్, అంటే అందరికన్నా ముందు చూడాలి. గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 2 సెకన్లు దాటినా రెడ్, చెప్పిన మాట వినే స్థితిలో లేకపోయినా రెడ్. ఇవేవీ లేకపోతే ఎల్లో. శ్వాసమార్గం తెరిచినా ఊపిరి రాకపోతే బ్లాక్, అంటే ఇక ఆశ లేనట్టే. మనిషికి ఒక్క నిమిషం లోపే తేల్చేయాలి.

అంతా విని నవ్వింది. "బాగుందే, మరి పేషెంట్ వెంట వచ్చే అటెండర్లకు ఏ రంగు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అక్కడ బంధువులకు వేరే గది, వేరే స్టాఫ్. ఇక్కడ ఒక్క పేషెంట్ వెనక పదిమంది వస్తారు. వాళ్ల మేనమామ డాక్టర్‌కన్నా గట్టిగా మాట్లాడతాడు. బస్సు బోల్తా పడితే మొదటి పని గేటు దగ్గర జనాన్ని ఆపడమేనట. కానీ స్ట్రెచర్ తోసేదీ, రక్తానికి పరిగెత్తేదీ ఆ పదిమందే. మా ప్లాన్ పుస్తకంలో ఆ చేతులకు చోటే లేదు, నాకైతే అది లోపమే అనిపించింది.

సాయంత్రం అఫ్జల్‌గంజ్ వెళ్లి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టు చూపించాలనుకున్నాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో దాదాపు 150 మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చెట్టు అది. ఇంతలో పిన్నే దిగింది, గారెల పిండి పట్టుకుని. ఇంకెక్కడి షూటింగ్! స్లీపింగ్ బ్యాగ్ రేటు మాత్రం పిన్నికి చెప్పొద్దని అమ్మ సైగ చేస్తోంది, కానీ పిన్నీ, వీడియోలో వినేశావు కదా.