బరువు పని ఎవరిది?

అందరికీ నమస్కారం.

ఒళ్ళు వంచి చేసే పనుల్లో ఆడా మగా తేడా పుట్టుకతో వచ్చిందా, పెంపకంతో వచ్చిందా అన్నది ఇవాళ నాకిచ్చిన ప్రశ్న. నా దృష్టిలో ఇవి రెండు ప్రశ్నలు. ఒకటి శరీరాల గురించి, రెండోది పనుల పంపకం గురించి. మొదటిదానికి జవాబు దొరికితే రెండోదీ తేలిపోయినట్టే అనుకుంటాం. అక్కడే చిక్కుపడతాం.

ముందు శరీరం సంగతి చెప్పేస్తాను, అందులో దాచాల్సిందేమీ లేదు. యుక్తవయసు దాకా పరుగులో గానీ గెంతడంలో గానీ ఆడపిల్లలకీ మగపిల్లలకీ పెద్ద తేడా ఉండదు. ఆ తర్వాత మగపిల్లల్లో టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ ఎన్నో రెట్లు పెరుగుతుంది. దాంతోపాటు కండ, ఎముక, రక్తంలో హిమోగ్లోబిన్ పెరుగుతాయి. సగటున ఆడవాళ్ళకి నడుం పైభాగంలో కండ మగవాళ్ళకన్నా సుమారు 40 శాతం తక్కువ, కింది భాగంలో మూడో వంతు తక్కువ. 100 మీటర్ల పరుగులో మగవాళ్ళలో ఉసేన్ బోల్ట్ రికార్డు 9.58 సెకన్లు, ఆడవాళ్ళలో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్‌ది 10.49. ఇదంతా సమాజం నేర్పిన తేడాయే అనేవాళ్ళతో నేను ఏకీభవించను.

కానీ ఇంకో లెక్క కూడా చూడండి. 1928 ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి 800 మీటర్ల పరుగు పెట్టి, అది వాళ్ళ ఒంటికి పడదని తీసేశారు. మళ్ళీ పెట్టింది 1960లో, రోమ్‌లో. అదే రోమ్‌లో అబెబె బికిలా, అదీ చెప్పుల్లేని కాళ్ళతో, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో మారథాన్ గెలిచాడు. అప్పటికి ప్రపంచంలో అంతకన్నా వేగంగా ఎవరూ పరిగెత్తలేదు. 2003లో లండన్‌లో పౌలా రాడ్‌క్లిఫ్ అదే దూరాన్ని 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తిచేసింది. తేడా తొమ్మిది సెకన్లు. మగవాళ్ళ రికార్డు కూడా ఈలోగా ముందుకు జరిగింది, నిజమే. కానీ 1928లో ‘ప్రకృతి’ పేరు చెప్పి గీసిన గీత ప్రకృతి గీసింది కాదు.

ఇక పనుల పంపకం. బలాన్ని బట్టే పంచుకున్నామా? ఇంటి దగ్గర నీటి వసతి లేని కుటుంబాల్లో పదింట ఏడింటికి నీళ్ళు తెచ్చే బాధ్యత ఆడవాళ్ళదీ ఆడపిల్లలదీ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2023లో లెక్క చెప్పాయి. 20 లీటర్ల నీళ్ళంటే 20 కిలోలు, డబ్బా బరువు కాక. భుజబలమే కొలబద్ద అయితే ఆ డబ్బా మగవాళ్ళ చేతిలో ఉండాలి. బరువు మోసే పనికి కూలి ముట్టినప్పుడే అది ‘మగవాళ్ళ పని’ అవుతుందేమోనని నాకు అనుమానం.

మరి పంపకంలో జీవశాస్త్రం ప్రమేయమే లేదా? ఉంది. అయితే మనం వెతికే చోట కాదు. 1973లో మర్డాక్, ప్రోవోస్ట్ అనే ఇద్దరు మానవశాస్త్రవేత్తలు 185 సమాజాల్లో 50 రకాల పనులు ఎవరు చేస్తున్నారో పోల్చారు. లోహం కరిగించడం దాదాపు ప్రతిచోటా మగవాళ్ళదే. నేత, కుండల తయారీ మాత్రం ఒకచోట ఆడవాళ్ళవి, ఇంకోచోట మగవాళ్ళవి. అంతకు మూడేళ్ళ ముందే జూడిత్ బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త ఒక మాట చెప్పింది. చంకలో పాలు తాగే బిడ్డ ఉండగా చేయగలిగినవి, మధ్యలో ఆపి మళ్ళీ అందుకోగలిగినవి, ఇంటికి దగ్గరవి, బిడ్డకి ప్రమాదం లేనివి ఆడవాళ్ళ పాలబడ్డాయని. నాకు ఈ వివరణే ఎక్కువ నచ్చుతుంది. పంపకంలోకి జీవశాస్త్రం వచ్చింది కండలోంచి కన్నా చనుబాలలోంచి. అలాంటప్పుడు బిడ్డని చూసుకునే ఏర్పాటు మారితే పంపకమూ మారాలి కదా! బిడ్డ పెద్దయి బడికెళ్ళాక కూడా పాత పంపకమే ఎందుకు సాగుతోంది?

ఎందుకంటే అప్పటికి పెంపకం తన పని తాను చేసేసి ఉంటుంది. 2000లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. 11 నెలల పిల్లలు ఎంత ఏటవాలు బల్ల మీదుగా పాకి దిగగలరో ముందే చెప్పమని తల్లుల్ని అడిగారు. ఆడపిల్లల తల్లులు తక్కువ చెప్పారు, మగపిల్లల తల్లులు ఎక్కువ చెప్పారు. తీరా వదిలి చూస్తే పిల్లలందరూ ఒకేలా పాకారు. కన్నతల్లి అంచనాయే ఇలా ఉంటే, “జాగ్రత్త, పడతావ్” అన్న మాట ఎవరికి ఎక్కువసార్లు వినబడుతుందో ఊహించుకోవచ్చు. చెట్టెక్కనివ్వని పిల్లకి చెట్టెక్కే చేతులు రావు. ఎముక కూడా వాడకాన్ని బట్టే గట్టిపడుతుంది. మధ్య యూరప్‌లో తొలినాటి రైతు స్త్రీల చేతి ఎముకలు నేటి పడవ పోటీల క్రీడాకారిణుల ఎముకలకన్నా దృఢంగా ఉన్నాయని 2017లో తేలింది. ధాన్యాన్ని పిండిగా నూరడం లాంటి రోజువారీ పనులే అందుకు కారణమై ఉంటాయని పరిశోధకుల అభిప్రాయం.

ఇదంతా ఒప్పుకున్నాక కూడా ఉద్యోగాల దగ్గర ఒక ప్రశ్న మిగులుతుంది. బలం నిజంగా అవసరమైన పనికి మనుషుల్ని ఎలా ఎంచుకోవాలి? కెనడాలో టానీ మెయోరిన్ అడవి మంటలార్పే సిబ్బందిలో మూడేళ్ళు పనిచేసింది, పనిలో వంక పెట్టినవాళ్ళు లేరు. తర్వాత కొత్త పరీక్ష పెట్టారు: రెండున్నర కిలోమీటర్లు 11 నిమిషాల్లో పరిగెత్తాలి. ఆమె సుమారు 49 సెకన్లు వెనకబడింది, ఉద్యోగం పోయింది. 1999లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆమెని తిరిగి తీసుకోమంది. పరీక్షలు వద్దనలేదు. ఆ పరుగుకీ మంటలార్పడానికీ ఉన్న సంబంధం చూపించమని అడిగింది. ప్రభుత్వం చూపించలేకపోయింది.

ఇక మీ ప్రశ్నలు అడగండి.