పది చింతగింజలతో ప్రపంచ ఆరోగ్యం పాఠం

నమస్కారమండీ. ఈ వీడియో తోటి టీచర్ల కోసం. ముఖ్యంగా ఎనిమిది నుంచి పది తరగతులకు సైన్సో, సోషలో చెప్పేవాళ్ల కోసం. కరోనా అప్పటిలా బడులు మళ్లీ మూతపడే రోజు రాకూడదు, కానీ వస్తే ప్రపంచ ఆరోగ్యం అనే పాఠాన్ని ఇంట్లో కూర్చున్న పిల్లలకు ఎలా చెప్పాలో చూద్దాం. సామాను ఇదిగో, నా చేతిలో ఉంది. ఖాళీ దగ్గుమందు సీసా ఒకటి, పది చింతగింజలు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. 2020 సెప్టెంబరు 1న మన తెలంగాణలో టీవీ పాఠాలు మొదలయ్యాయి కదా. పిల్లలు టీవీలో పాఠం చూడడం, తర్వాత మేం వాట్సాప్ గ్రూపులో మాట్లాడడం. ఒకరోజు ఉత్సాహంగా అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వాళ్ల కరోనా కేసుల ప్రపంచ పటం పెట్టాను. దేశదేశానికీ ఎర్ర చుక్కలు. కాసేపటికి ఒక అమ్మాయి వాయిస్ మెసేజ్ వచ్చింది. "టీచర్, మా నాన దుబాయ్‌ల ఉన్నడు. గా ఎర్ర చుక్క కిందనే ఉన్నడా?"

నేనేమో పాఠం చెప్తున్నాననుకుంటున్నాను. ఆ పిల్లేమో వాళ్ల నాన్నను వెతుక్కుంటోంది. మాది జగిత్యాల వైపు. వీధికి నలుగురైనా గల్ఫ్‌లో ఉంటారు. ఆ సంగతి మరిచి పటం పెట్టడం నాదే పొరపాటు.

అందుకని మొదటి రోజు ప్రపంచ పటం జోలికి పోకండి. నోట్‌బుక్‌లో పేజీ మధ్యలో వాళ్ల ఇల్లు గీయమనండి. ఇంట్లోవాళ్లు, చుట్టాలు ఎక్కడెక్కడ ఉన్నారో చుట్టూ రాసి, ఇంటికి గీతలు కలపమనండి. దుబాయ్, మస్కట్, భివండి, సూరత్, డల్లాస్... పేజీ నిండిపోతుంది. ఆ గీతల మీదే మనుషులు వస్తారు, డబ్బులు వస్తాయి, జబ్బూ వస్తుంది. ఇప్పుడు చెప్పండి, మన దేశంలో మొదటి కరోనా కేసు 2020 జనవరి 30న కేరళలో తేలిందని, అది చైనాలోని వుహాన్‌లో చదువుకుంటూ ఇంటికొచ్చిన విద్యార్థిదని. అదే రోజు జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే డబ్ల్యూహెచ్ఓ, అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించిందని. తాము గీసిన గీతల్లాంటిదే ఇంకో గీత అని పిల్లలకు వెంటనే తడుతుంది.

ఒక్క జాగ్రత్త. మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా, ఎవరైనా పోయారా అని మాత్రం అడగకండి. తామే చెప్తే వినండి, గ్రూపులో కాదు, విడిగా ఫోన్ చేసి. ఇంకోటి, ఇంటికి ఫోన్ ఒకటే ఉంటుంది, అదీ పగలు నాన్న వెంట పనికి పోతుంది. రాత్రి ఏడున్నరకు పెట్టుకోండి. వాయిస్ మెసేజ్ రెండు నిమిషాలు దాటనీయకండి.

రెండో రోజు గింజలు. ఇదిగో, సీసాలో వేస్తున్నాను, పది. ఒక్కో గింజ ఒక్కో టీకా డోసు అనుకోండి. కరోనా టీకా కోవిషీల్డ్ సీసా అంటే 5 మిల్లీలీటర్లు, మనిషికి అర మిల్లీలీటరు చొప్పున పదిమందికి. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మూత తీశాక 4 గంటల్లో అయిపోవాలి. పదిమంది పోగయ్యేదాకా మనల్ని బెంచీ మీద ఎందుకు కూర్చోబెట్టారో ఇప్పుడు తెలిసిందా? ఏఎన్ఎమ్ అక్క భుజాన వేసుకొచ్చే ఐస్ డబ్బా పిల్లలంతా చూసిందే. దాని గురించి వాళ్లనే చెప్పనివ్వండి. (పరీక్షలో డబ్ల్యూహెచ్ఓ ప్రధాన కార్యాలయం ఎక్కడ అంటే జెనీవా అని టక్కున రాస్తారు. మన పీహెచ్‌సీలో టీకాల ఫ్రిజ్ ఏ గదిలో ఉందో చెప్పమంటే నాకే తెలియదు, అడిగి తెలుసుకున్నాను.)

ఇప్పుడు పదిహేను చీటీలు. నర్సు, షుగర్ ఉన్న తాత, గర్భిణి, పారిశుద్ధ్య కార్మికురాలు, కానిస్టేబుల్, బస్ కండక్టర్, సర్పంచ్, వచ్చే నెల గల్ఫ్ పోవాల్సిన మనిషి, ఇలా మీ ఊరికి తగ్గట్టు రాయండి. పది గింజలు, పదిహేనుమంది. ఎవరికి ఇస్తారో, ఎందుకో చెప్పాలి. ఇక్కడ మీరు నోరు మెదపకూడదు. కష్టమే, మనకు చెప్పడమే అలవాటు. ఒక పిల్లాడు మొదటి గింజ సర్పంచ్‌కి ఇచ్చాడు. ఎందుకురా అంటే, "ఆయనకియ్యకుంటే టెంటు ఎవరేపిస్తరు టీచర్?" కొట్టిపారేయలేని మాట.

వాదన చల్లారాకే మన దేశం ఏం చేసిందో చూపించండి. 2021 జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో మొదలు. ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదటి టీకా ఒక పారిశుద్ధ్య కార్మికుడికి వేశారు. మార్చి 1 నుంచి 60 దాటినవాళ్లు, జబ్బులున్న 45 దాటినవాళ్లు. మే 1 నుంచి 18 దాటినవాళ్లు. గర్భిణులకు జులైలో గానీ అనుమతి రాలేదు.

గల్ఫ్ చీటీని విడిగా పక్కన పెట్టండి, దానిలో పెద్ద పాఠం ఉంది. ఇంకో కరోనా టీకా కోవాగ్జిన్ తయారైంది మన హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో. కానీ చాలా దేశాలు డబ్ల్యూహెచ్ఓ ఒప్పుకున్న టీకాల జాబితా చూసి మనుషుల్ని రానిచ్చేవి. ఆ జాబితాలోకి కోవిషీల్డ్ 2021 ఫిబ్రవరిలోనే ఎక్కింది. కోవాగ్జిన్ నవంబరు 3 దాకా ఆగాల్సి వచ్చింది. చేతికి పడింది మన టీకానే, విమానం ఎక్కాలంటే టెన్షన్. కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లకేమో రెండో డోసుకు 84 రోజుల ఆగుడు. ఉద్యోగానికి, చదువుకు విదేశం పోయేవాళ్లకు ఆ జూన్‌లో దాన్ని 28 రోజులు చేశారు. జెనీవాలో పెట్టిన సంతకం జగిత్యాలలో సర్దిన సూట్‌కేసును ఎలా ఆపుతుందో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు, ఇళ్లలో చూసిందే.

మూడో రోజు అవే గింజలు, చీటీల మీద మాత్రం దేశాలు. బ్రిటన్ 2020 డిసెంబరు 8నే మొదలుపెట్టింది. పేద దేశాలకు టీకాలు అందించడానికి పెట్టిన కోవాక్స్ పథకం నుంచి మొదటి టీకాలు 2021 ఫిబ్రవరి 24న ఘనాకు చేరాయి. ఆరు లక్షల డోసులు, చేసింది పుణెలో. అక్కడిదాకా పిల్లలు చప్పట్లు కొడతారు. తర్వాత మన దగ్గర రెండో వేవ్ వచ్చింది, ఎగుమతులు నిలిచిపోయాయి, మనల్ని నమ్ముకున్న ఆఫ్రికా దేశాలు నెలల తరబడి ఎదురుచూశాయి. మనం చేసింది సరైనదేనా అని అడగండి. నా క్లాసు రెండుగా చీలింది. నన్నడిగితే, ఆ ఏప్రిల్‌లో ఆసుపత్రి గేటు ముందు నిలబడ్డదాన్ని, ఇంకోలా చేయమనలేను. కానీ ఘనా టీచర్ ముందు ఆ మాట చెప్పడానికి నోరు రాదు. పిల్లలతో ఇదే అన్నాను.

టీకా ఫార్ములా మీద హక్కులు కొన్నాళ్లు పక్కన పెట్టమని మన దేశం, దక్షిణాఫ్రికా 2020 అక్టోబరులోనే అడిగిన సంగతి పదో తరగతివాళ్లకైతే చెప్పండి. చిన్నవాళ్లకు వద్దు, బరువైపోతుంది.

గింజల విషయం ఒకటి మరిచాను. పిల్లలు ఇంకొక్కటి ఇవ్వండి టీచర్ అని బతిమాలతారు. ఇవ్వకండి. పదకొండో గింజ ఇచ్చిన రోజు నా క్లాసులో వాదనే రాలేదు.