కొత్త రౌటర్ కొంటే నెట్ స్పీడ్ పెరుగుతుందా? కొనేముందు ఇది చూడండి

(స్క్రీన్ మీద స్పీడ్ టెస్ట్, 94 దగ్గర ఆగుతుంది)

ఈ 94 చూశారా అండీ, ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి. మా పిన్ని వాళ్ళింట్లో 200 ఎంబీపీఎస్ ప్లాన్, నెలనెలా దానికే బిల్లు కడుతున్నారు, ఎప్పుడు టెస్ట్ పెట్టినా 94 దాటదు. రౌటర్ పాతబడిపోయిందేమో అని బాబాయ్ కొత్త వైఫై 6 రౌటర్ తెచ్చి బిగించారు, టెస్ట్ పెడితే మళ్ళీ 94! పాపం ఆయన్ని చూస్తే నాకే బాధేసింది.

ఇంట్లోకి వచ్చే నెట్ స్పీడు వేరు, రౌటర్ నుంచి మన ఫోన్‌కి వైఫైలో వచ్చే స్పీడు వేరు. 50 ప్లాన్ ఉన్న ఇంట్లో ఎంత ఖరీదైన రౌటర్ పెట్టినా 50 కాస్తా 100 అవ్వదు. డబ్బా మీద 1500, 3000 అని రాసుంటుంది కదా, అది వైఫై సిగ్నల్ వెళ్ళే 2.4, 5 గిగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్లన్నీ కలిపి వేసిన లెక్క, మన ప్లాన్‌కీ దానికీ సంబంధమే లేదు.

అందుకే ముందు లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో రౌటర్‌కి కలిపి టెస్ట్ చేయండి, లాప్‌టాప్ పోర్టు గిగాబిట్‌ది, అంటే 1000 ఎంబీపీఎస్‌ది అయ్యుండాలి. కేబుల్‌లో ఫుల్ స్పీడ్ వచ్చి బెడ్‌రూమ్‌లో ఫోన్‌కి రావట్లేదంటే ప్రాబ్లం వైఫైది. కేబుల్‌లో కూడా రాలేదా, అయితే కొత్త రౌటర్ ఆర్డర్ పెట్టకండి, ఇంకా వెనక్కి వెళ్ళి వెతకాలి.

పిన్ని వాళ్ళింట్లో కేబుల్‌తో పెట్టినా 94యే. 94, 95 దగ్గర ఆగిందంటే దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింకు ఉన్నట్టు లెక్క, చవక రౌటర్లలో పోర్టులే 100వి ఉంటాయి, కానీ బాబాయ్ తెచ్చినదానికి గిగాబిట్ పోర్టులున్నాయి, మరి ఎక్కడ ఆగుతోంది? రౌటర్ పీకి బయటి నుంచి నెట్ వచ్చే, గేటు పక్కనున్న ఫైబర్ డబ్బా దగ్గరికే తీసుకెళ్ళి చిన్న కేబుల్‌తో కలిపా, 190 దాటేసింది! అంటే తప్పంతా గోడలోంచి హాల్లోకి లాగిన వైరుది. లాన్ వైరులో 8 సన్న తీగలుంటాయి, 4 జతలు, 100 స్పీడుకి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి మాత్రం నాలుగూ కావాలి, వైరింగ్ చేసినాయన 4 తీగలే క్లిప్‌లో పెట్టి వదిలేశాడు. 8 తీగలూ పెట్టి మళ్ళీ క్రింప్ చేయించాం, అంతే, హాల్లో కూడా 190.

అలాగని రౌటర్ మార్చడం దండగ అనట్లేదు నేను. మీది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఉన్న పాతదైతే, అందులోనూ అపార్ట్‌మెంట్‌లో ఉంటే, కచ్చితంగా మార్చండి. ఆ బ్యాండ్‌ని ఛానళ్ళని చిన్న చిన్న లైన్లుగా విడదీస్తారు, వాటిలో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 ఈ మూడే, చుట్టుపక్కల ఫ్లాట్లన్నీ వాటిలోనే కొట్టుకోవాలి, సాయంత్రమైతే నరకం. 5 గిగాహెర్ట్జ్‌లో ఛానళ్ళు ఎక్కువ, స్పీడూ ఎక్కువ, కాకపోతే గోడలు దాటేసరికి నీరసపడిపోతుంది, అందుకే టీవీ వెనకా ఇనప బీరువా పక్కనా పెట్టకుండా ఇంటి మధ్యలో కాస్త ఎత్తులో పెట్టండి.

బాబాయ్ పాత రౌటర్ వెనక చూస్తే దానికీ గిగాబిట్ పోర్టులే ఉన్నాయి. మేడ మీదికి ఒక లాన్ వైరు లాగి, ఈసారి 8 తీగలూ దగ్గరుండి పెట్టించి, ఆ పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా, అంటే అక్కడ వైఫై ఇచ్చే డబ్బాగా మార్చాం, తమ్ముడు ఇప్పుడు క్లాసులు ఆ గదిలోనే వింటున్నాడు.