మూడో పేజీ

సభకు నమస్కారం. పెద్దల పేర్లు అధ్యక్షులవారు చెప్పేశారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

డెన్మార్క్ టీవీలో 1994లో నాలుగు భాగాలుగా వచ్చిన 'కింగ్‌డమ్' అనే, భయపెడుతూనే నవ్వించే సీరియల్ గురించి మాట్లాడమన్నారు. లార్స్ వాన్ ట్రియర్ తీశారు. 1997లో ఇంకో నాలుగు, మళ్లీ 2022లో ఐదు వచ్చాయి. కథంతా కోపెన్‌హాగన్‌లోని రిగ్స్‌హాస్పిటల్‌లో జరుగుతుంది. అది నిజంగా ఉన్న పెద్దాసుపత్రి. ఒకప్పుడు ఆ చోట బట్టలు చలవ చేసే చెరువులుండేవి. మొదట్లోనే పొగమంచులో తడిబట్టలు ఈడ్చుకెళ్లే మనుషులు కనిపిస్తారు. కాసేపటికి గోడ పగిలి రక్తం చిమ్ముతుంది.

ఇందులో నవ్వేముంది అంటారా? హెల్మర్ అని స్వీడన్ డాక్టరున్నాడు. రాత్రిపూట మేడెక్కి, సముద్రం అవతల స్వీడన్ ఒడ్డునున్న బార్సెబెక్ అణు కేంద్రాన్ని బైనాక్యులర్స్‌లో చూసి గర్వపడతాడు. ఆ తర్వాత డెన్మార్క్ వాళ్లని నోటికొచ్చినట్టు తిడతాడు. అతను మురిసిపోయి చూసే ఆ నేల 1658 దాకా డెన్మార్క్‌దే! యుద్ధంలో ఓడి స్వీడన్‌కి వదులుకున్నారు. డెన్మార్క్ వాళ్లు ఆ సీనుకి నవ్వుతారు, చురుక్కుమంటుంది కూడా.

చరిత్ర గురించి ఇంకా చెప్పాలనుకున్నాను గానీ, నన్ను పట్టుకున్న సీను వేరే ఉంది. హెల్మర్ ఆపరేషన్ చేశాక మోనా అనే పాప మెదడు దెబ్బతింటుంది. ఆనాటి మత్తుమందు రిపోర్టు రికార్డు రూములో ఉంది. దాన్ని మాయం చెయ్యాలని అతను దొంగలా వెళ్తాడు. అక్కడ నేను టీవీ ఆపేశాను. మా అమ్మ పోయాక ఒక ఆసుపత్రిలో కేస్ షీట్ అడిగాను. నాలుగు నెలలు తిప్పి ఏడు పేజీల జిరాక్సు ఇచ్చారు. రెండు తర్వాత నాలుగు. ఆపరేషన్ రోజు రాసింది మూడో పేజీ. "అంతే ఉందండీ" అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? చేతులెత్తండి. చూశారా!

'కింగ్‌డమ్' ఆసుపత్రి లిఫ్టులో ఏడ్చే పిల్ల దయ్యం మేరీ. 1919లో ఆమెను చంపింది డాక్టరైన సొంత తండ్రే. దాచిన కాగితం, దాచిన పిల్ల, పూడ్చేసిన చెరువు. భయం అక్కడినుంచి వస్తోంది.

మన సీరియళ్లలో దయ్యానికి తెల్లచీర ఉంటుంది గానీ ఊరుండదు, సంవత్సరముండదు. మాసబ్ ట్యాంక్ బస్టాపులో రోజూ దిగుతాం, ఆ చెరువేదని అడిగామా? పేరొక్కటే మిగిలింది. అలాంటి చోట మనకో కథ దొరకదా?

ఇక్కడ టీవీకి రాసే పిల్లలున్నారని విన్నాను. అమ్మా, నాయనా, ఆ జిరాక్సులు నా సంచిలోనే ఉన్నాయి. రాస్తానన్నవాళ్లకి ఇప్పుడే ఇస్తాను.